పిడికెడు యూరియా

జగ్గయ్యపేటలో మాది మేడ మీద అద్దె వాటా. ఉద్యోగం నందిగామలో. రోజూ పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్ళి, సాయంత్రం చీకటి పడ్డాక తిరిగి వచ్చేవాణ్ణి. చిల్లకల్లు రాకముందే తల కిటికీ ఊచకి ఆనించి నిద్రపోయేవాణ్ణి. అంత ఓపిక లేనివాడికి మొక్కల పిచ్చి ఎందుకని మా ఆవిడ అడిగేది. ఆఫీసులో నా మాట ఎవరూ వినరు, కుండీలైతే ఎదురు చెప్పవు అన్నాను ఒకసారి.

"నీళ్ళు మోసేది నేను కాబట్టి మీకు చెప్పవులెండి. నాకు చెప్తాయి" అంది.

తొంభైల మధ్యలో మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఫాల్గుణం వచ్చిందంటే ఒక్కో ఆదివారం ఒక్కొక్కరి డాబా. అందరం అక్కడ చేరి కుండీల్లో పాత మట్టి దులిపి, ఎర్రమట్టి, చివికిన పేడ కలిపి నింపేవాళ్ళం. గులాబీలు కత్తిరించడం, బీరపాదుకి పందిరి కట్టడం, ముదురుతున్న ఎండకి తాటాకులు కప్పడం అన్నీ ఒక్క పూటలో అయిపోయేవి. ఆ ఇంటివాళ్ళు టిఫిన్లు పెట్టేవారు. ఎవరి పని వాళ్ళకి ముందే చెప్పేసేవాళ్ళం. ఎరువు పని నాది. పుస్తకాలు చదువుతానని, నాలుగు సైన్సు ముక్కలు మాట్లాడతానని నాకిచ్చారు. నేనూ కాదనలేదు.

నాలుగు డాబాల్లో పెద్దది వీధి చివర కిరాణా హోల్‌సేల్ వాళ్ళది. కొట్టు కొడుకు చూసుకునేవాడు. ఇల్లు తల్లి చేతిలో ఉండేది. ఆవిణ్ణి మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం. కోడలిది పెనుగంచిప్రోలు. ఆ డాబా నిజానికి కోడలు పెంచిందే. మిరప నారు, వంగ నారు, బంతి నారు వీధి మొత్తానికీ ఆ అమ్మాయే పోసి పంచేది. "మా కోడలు పుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అని పిన్నిగారే అందరితో చెప్పుకునేవారు. పొద్దున వంట కాగానే ఆ అమ్మాయి పైకి వెళ్ళి ఒక గంట అక్కడే ఉండేది. ఆ ఇంట్లో తనది అనుకోవడానికి ఆ గంట ఒక్కటే ఉండేదని నాకు తర్వాత అర్థమైంది.

అక్కడ పిన్నిగారి సొంతమంటూ ఒకే మొక్క ఉండేది. మెట్లగది గోడ నీడలో, సిమెంటు తొట్టిలో, వెదురు బద్దల మీదకి పాకిన తమలపాకు తీగ. స్నానం చేసి మడితో తప్ప ఆవిడ దాన్ని ముట్టుకునేవారు కాదు. వీధిలో ఎవరింట్లో పేరంటమైనా ఆకులు అక్కణ్ణుంచే వెళ్ళేవి.

రెండువేల ఏడులో ఉగాదీ సూర్యగ్రహణమూ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. సోమవారం తెల్లవారుతూనే గ్రహణం. దానికి ముందు రోజు, ఆదివారం, వంతు పిన్నిగారి డాబాది. వేరుశనగ చెక్క మూడు రోజుల ముందే బకెట్టులో నానబెట్టి, ఆ నీళ్ళు బాగా పల్చన చేసి తీగకి పొయ్యాలి. నానబెట్టాల్సింది నేను. గురువారం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద పడ్డాను. శుక్రవారమూ అంతే. ఆదివారం పొద్దున మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

మర్చిపోయానండీ అంటే సరిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు. రిటైరైన కాంపౌండర్ గారు మా జట్టులో ఉండేవారు, ఆయనైతే ఓ వారం పాటు ఏడిపించేవారు. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. కానీ నేను చెప్పలేదు. మెట్ల కింద వాళ్ళ పత్తి చేలకి తెచ్చి మిగిలిన యూరియా బస్తా మూతి విప్పి ఉంది. పిడికెడు తీసి రుమాల్లో మూటగట్టాను. తొట్టికి చెంచాడు కూడా ఎక్కువేనని నాకు తెలుసు. పైకి వచ్చాక, ఎక్కువైంది తిరిగి బస్తాలో పొయ్యాలంటే మళ్ళీ మెట్లు దిగాలి. పైన అందరూ పందిరి దగ్గర ఉండగా మొత్తం తీగ మొదట్లో చల్లి, మట్టి కప్పేశాను. ఆ పూట పంపు రాలేదు. ఉన్న నీళ్ళు కొత్తగా నాటిన కుండీలకే చాల్లేదు. తీగకి చెంబుడు పోసి ఊరుకున్నాను.

"ఏమయ్యా, ఇవాళ నీ చెక్కనీళ్ళ కంపు లేదేం? సెంటు కలిపావా?" అన్నారు కాంపౌండర్ గారు.

"పల్చన చేశా లెండి" అన్నాను.

టిఫిన్ల దగ్గర గ్రహణం మాట వచ్చింది. నేను అందుకున్నాను. అదంతా నీడేనని, చంద్రుడు అడ్డం రావడమేనని, గడప దాటితే కొంప మునగదని చెప్పాను. మా డాబాకి తూర్పున మూడంతస్తుల మేడ అడ్డం. చూడాలంటే పిన్నిగారి డాబాయే బాగుంటుంది.

"నీ నీడలూ గీడలూ నాకొద్దు నాయనా. మీరు చూసుకుంటే చూసుకోండి. మా ఇంట్లోవాళ్ళని మాత్రం పిలవమాకు" అన్నారు పిన్నిగారు.

నేను వినలేదు. కోడలి వైపు తిరిగి "రామ్మా, ఏమీ కాదు. నాది పూచీ" అన్నాను. ఆమె భర్త నవ్వి "అన్నయ్యగారు అంతగా చెప్తున్నారుగా, వెళ్తే వెళ్ళు" అన్నాడు. పిన్నిగారు ఇడ్లీ పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సోమవారం తెల్లవారేసరికి నేనూ మా ఆవిడా వాళ్ళ డాబా మీద ఉన్నాం. చిల్లకల్లు దగ్గర వెల్డింగు షాపతన్ని బతిమాలి నల్లద్దం ఒకటి తెచ్చాను. సూర్యుడు అంచు కొరికేసినట్టుగానే పైకి వచ్చాడు. కింద తలుపులు వేసి ఉన్నాయి. పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడుతున్నారు పిన్నిగారు.

"నిలబడిందా పిన్నిగారూ?" అని మా ఆవిడ మెట్ల మీదనుంచి కేకేసింది.

"నిలబడక ఏం చేస్తుందే! నువ్వు ముందు కిందికి రా!"

కోడలు చివర్లో వచ్చింది, కొంగు తలమీదుగా కప్పుకుని. అద్దంలోంచి ఒకసారి చూసి తిరిగి ఇచ్చేసింది. ఆమెని పట్టేసింది వేరే సంగతి. ఎండిపోతున్న చిక్కుడు పందిరి సందుల్లోంచి మెట్లగది గోడ మీద వెలుగు చుక్కలు పడుతున్నాయి. ప్రతి చుక్కకీ ఒక పక్క అంచు లేదు.

"చూడు వదినా, అన్నీ కొరికిన పప్పుచెక్కల్లా ఉన్నాయి" అంది. ఒక చుక్క మీద వేలు పెట్టింది. అది ఆమె గోరు మీదకి ఎక్కింది. అలా గోడ వెంట నడుస్తూ తీగ పక్కకి వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడింది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. అది నా గొప్పే అనుకున్నాను.

మంగళవారం పొద్దున ఉగాది పూజకి ఆకులు కొయ్యడానికి పైకి వెళ్ళిన పిన్నిగారి కేక మా ఇంటిదాకా వినిపించింది. తీగ మొత్తం వాలిపోయి ఉంది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. నేను వెళ్ళేసరికి కొడుకు, కోడలు, కాంపౌండర్ గారు అందరూ అక్కడే ఉన్నారు.

"చెప్తే విన్నారా? గ్రహణప్పూట దీని పక్కనే నుంచుంది. ఆ నీడ దీనిమీద పడింది. ఇంకేం మిగుల్తుంది?" అంటున్నారు పిన్నిగారు.

ఆ అమ్మాయి తొట్టి దగ్గరికి వచ్చింది. వంగి మొదట్లో మట్టిని వేలితో కదిపి చూసింది. తర్వాత నావైపు చూసింది.

"అన్నయ్యగారూ, ఆదివారం దీనికి ఏమైనా వేశారా?"

అందరూ నావైపు తిరిగారు. "ఏం లేదమ్మా. మామూలు చెక్కనీళ్ళే" అన్నాను.

"బస్సు టైమవుతోంది" అని కూడా అన్నాను. ఆ రోజు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. గ్రహణం ఉత్త నీడ అని ఊరంతా చెప్పినవాణ్ణి, ఆ నీడ చాటునే దాక్కున్నాను.

పిన్నిగారు అన్న మాట ఒక రోజులో పోతుందిలే అనుకున్నాను. పోలేదు. తీగ పదిరోజుల్లో పూర్తిగా ఎండిపోయింది. పిన్నిగారు కోడల్ని డాబా మీద కుండీలు ముట్టుకోవద్దన్నారు. ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాదన్న మాట వీధిలోకి వచ్చింది. నారు కోసం అందరూ రావడం మానేశారు. కాంపౌండర్ గారి భార్య ఆ ఏడు వంగ నారు సంతలో కొనుక్కొచ్చారు. పొద్దున ఆ గంట ఇప్పుడు డాబా మీద పనిమనిషి నీళ్ళు పోసేది. కోడలు కింద బియ్యంలో రాళ్ళు ఏరుతూ కనిపించేది. నేను ఆ గుమ్మం ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి బస్టాండుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

మా ఆవిడకి చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆమె అంతా వింది. "నాతో కాదుగా చెప్పాల్సింది" అంది.

మళ్ళీ ఫాల్గుణం వచ్చింది. పిన్నిగారి డాబా వంతు రోజున అందరూ కాఫీలు తాగుతుంటే ఆవిణ్ణి పక్కకి పిలిచి చెప్పాను. యూరియా వేసింది నేనేనని, గ్రహణానికీ ఆ అమ్మాయికీ సంబంధం లేదని. ఆవిడ నా భుజం తట్టారు.

"నీ మంచితనం నాయనా. దానిమీద మాట పడిందని నీ నెత్తిన వేసుకుంటున్నావు. సొంత అన్న కూడా ఇంత చెయ్యడు."

కాదండీ, నిజమేనండీ అని ఒకసారి అన్నాను. రెండోసారి గట్టిగా అనలేదు. నా పని అయిపోయిందనిపించింది. ఆ మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికపడింది కూడా. సిగ్గులేకుండా ఈ సంగతి రాస్తున్నాను, ఎందుకంటే అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అదే.

"చెప్పారా?" అంది మా ఆవిడ.

"చెప్పా. నమ్మలేదు."

"నమ్మేట్టు చెప్పారా?"

మా డాబా మీద ఆ తీగ కొమ్మే ఒకటి ఉంది. అంతకు రెండేళ్ళ ముందు పిన్నిగారు ఇస్తే కుండీలో పెట్టాను, మనిషెత్తు పెరిగింది. పాత తీగ పోయాక దాని మొక్క ఊళ్ళో అదొక్కటే. మర్నాడు పొద్దున రెండు కణుపుల ముక్కలు కోసి నీళ్ళ గ్లాసులో పెట్టుకున్నాను. ఏదీ పూర్తిగా పోగొట్టుకోకుండా తప్పు ఒప్పుకోవాలని నా ఆలోచన అప్పుడు కూడా. తర్వాత ఆ కుండీని రెండు చేతులా ఎత్తుకుని పిన్నిగారి డాబాకి మోసుకెళ్ళాను. పాత తొట్టి ఉన్న చోటే పెట్టాను. మెట్ల కింద బస్తాలోంచి ఆవిడ కళ్ళముందే పిడికెడు తీసి, వేసి, చెంబుడు నీళ్ళు పోశాను.

"నీకేమన్నా మతిపోయిందా? పచ్చగా ఉన్నదాన్ని!" అన్నారావిడ.

"రెండు రోజులు చూడండి పిన్నిగారూ."

బుధవారం బస్సుకి ముందే వెళ్ళాను. ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి, పోయినసారి ఎలాగో అచ్చం అలాగే. తీగ వాలిపోయింది. పిన్నిగారు ఒక ఆకు తెంపి ఇటూ అటూ తిప్పి చూశారు. మడి సంగతి మర్చిపోయినట్టున్నారు. మెట్లగది గడప మీద కూర్చుండిపోయారు.

"గ్రహణం ఏదీ లేదుగా ఇప్పుడు" అన్నారు, నాతో కాదు, ఆ ఆకుతో అన్నట్టు. కాసేపటికి మెట్ల వైపు వంగి "అమ్మాయ్, ఒకసారి పైకి రా" అని పిలిచారు.

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మెట్ల చివర ఆగిపోయింది. ఏడాదిగా ఆ గడప దాటలేదు.

"ఇదుగో, ఈయనే వేశాడంట యూరియా. నాకెవరు చెప్పారు గనక" అన్నారు పిన్నిగారు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచారు. "పనిమనిషి నీళ్ళు సరిగ్గా పొయ్యట్లేదు. నువ్వే చూసుకో" అని దిగిపోయారు.

మేమిద్దరం మిగిలాం. ఆమె ముందు కుండీలన్నీ చూసుకుంటూ వెళ్ళింది. సగం ఖాళీగా ఉన్నాయి. గులాబీ ఒకటి మొదలంటా ఎండిపోయింది. తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నేనప్పుడు అడిగానుగా."

"అడిగావమ్మా."

"ఏం లేదన్నారు."

"అన్నాను."

"మా ఆయన కూడా నమ్మాడండీ" అంది. గొంతు పెంచలేదు. "అత్తయ్య సరే, పెద్దావిడ. ఆయన కూడా. ఏడాది ఎందుకు పట్టిందండీ మీకు?"

భయమేసిందని చెబుదామనుకున్నాను. దేనికి భయమని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కాంపౌండర్ గారు ఏడిపిస్తారని. చదువుకున్నవాడన్న పేరు పోతుందని. ఆమె ముందు ఆ మాటలు పైకి అనలేక తల దించుకున్నాను. ఆమె బకెట్టు తీసుకుని పంపు వైపు వెళ్ళింది.

ఆ తర్వాత కూడా మా ఆదివారాలు ఆగలేదు. ఆమె నారు పోసింది. మొదట మా ఆవిడే వెళ్ళి అడిగి తెచ్చుకుంది, తర్వాత మెల్లగా మిగతావాళ్ళు. గ్లాసులో పెట్టిన రెండు ముక్కల్లో ఒకటి వేరు పట్టింది. దాన్ని తీసుకెళ్ళి ఇస్తే ఆమె తీసుకుంది. పని పంచేటప్పుడు ఎరువు తనే చూసుకుంటానని అందరి ముందూ చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు మట్టి మొయ్యడం ఇచ్చింది. వీధిలో దింపిన ఎర్రమట్టి గమేళాలకెత్తి ఇరవై రెండు మెట్లు ఎక్కించాలి. నేను నందిగామకే కాపురం మార్చి ఊరు వదిలేదాకా, ప్రతి ఫాల్గుణంలో నడుం పట్టేసేదాకా, ఆ పనే చేశాను.