ఎగిరే మంచానికి మా మరిది శంఖం

మొన్న ఫాల్గుణ మాసంలో, పున్నమి వెళ్ళిన మర్నాడు, గురువారం పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి మా మరిది శవాన్ని పేటలోంచి లేపారు. తొమ్మిదిన్నరకి వర్జ్యం వచ్చేస్తుందని పురోహితుడు కంగారుపెట్టాడు కాబట్టి ఆ టైము నాకు బాగా గుర్తు. మా వైపు శవం ముందు శంఖం మోగాలి. మోగింది. కాకపోతే దానితోపాటు పిల్లనగ్రోవులు, చిన్నపిల్లల కిలకిలలు, మేక మెడలో గంటలు కూడా మోగాయి. గోదావరి గట్టు మీద స్నానానికి పోతున్న ఒకావిడ ఆగి, పెళ్ళికూతురు ఏదమ్మా అని నన్నే అడిగింది. అప్పటినుంచీ ఎదురుపడిన ప్రతివాళ్ళూ ఆ సంగతేంటని అడుగుతున్నారు. అందరికీ చెప్పే ఓపిక నాకు లేదు. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, రాయడం నాకు వల అల్లినంత సులువు కాదు. అయినా నోటితో చెబుతుంటే మా అల్లుడు మధ్యలో దూరి తనకి కావలసినట్టు మార్చేస్తాడు. కాగితంలోకైతే దూరలేడు.

మాది గట్టు కింద చేపలు పట్టేవాళ్ళ పేట. మా మరిది అందరిలాగే వల వేసేవాడు, కానీ పేటలో ఎవరు పోయినా వల పక్కన పడేసి, శంఖం, జేగంట పట్టుకుని శవం ముందు నడిచేవాడు. సన్నగా తుమ్మకర్రలా ఉండేవాడు. ఆ డొక్కల్లో అంత గాలి ఎక్కడ దాచేవాడో ఎవరికీ తెలీదు. గుణం మాత్రం మంచిది కాదు. తనకి నచ్చినవాళ్ళు పోతే నరాలు ఉబ్బేలా ఊదేవాడు. నచ్చనివాళ్ళు పోతే, "ఈడికి ఈపాటి చాల్లే" అని సగం గాలితో సరిపెట్టేవాడు. చచ్చినవాడి మంచిచెడ్డలు మా పేటలో ఆ శంఖాన్ని బట్టే తెలిసేవి. శంఖం గుడిలోనూ ఊదుతారు కానీ అది ఒకే గుక్కలో సాఫీగా సాగుతుంది. శవం ముందు ఊదేది అలా కాదు. జేగంట మీద ఒక దెబ్బ వేసి, ఆ మోత ఇంకా గాలిలో ఉండగానే శంఖం అందుకుని, పైకి తీసుకెళ్ళి ఠక్కున విరిచేస్తారు. ఆ విరుపు చెవిన పడగానే మా ఆడవాళ్ళు పొయ్యి మీద ఏమున్నా వదిలేసి, వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు చేరవేస్తారు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. వినగానే ఒళ్ళు దానంతటదే లేస్తుంది.

మా అమ్మాయిని నిడదవోలు ఇచ్చాం. అల్లుడిది చేపల ఎగుమతి వ్యాపారం. చేపల మీద బతుకుతూనే చేపల వాసన గిట్టని మనిషి. మనవడి అన్నప్రాసనకి మా మరిది తెల్లారగట్లే లేచి, తను పట్టిన పండుగప్ప చేపని తడిగుడ్డలో చుట్టుకుని రైలెక్కి వచ్చాడు. పిల్లాణ్ణి ఎత్తుకుందామని చేతులు చాపాడు. మా అల్లుడు అడ్డం వచ్చి, నలుగురూ వింటుండగా, "మావయ్యగారూ, శవాల ముందు ఊదే నోరు కదండీ. పసివాడి మీద ఆ ఊపిరి పడకూడదండి. మీరలా వీధరుగు మీద కూర్చోండి, అక్కడికే వడ్డించేస్తారు" అన్నాడు. అంతా గారూ, అండీ పెట్టే అన్నాడు. మా మరిది వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. విస్తట్లో వేసినవన్నీ తిన్నాడు. పెరుగు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని రైలెక్కాడు. నాకప్పుడే భయం వేసింది. అరిచి విస్తరి తన్ని వెళ్ళినవాడైతే ఏడాది తిరిగేసరికి మళ్ళీ వస్తాడు. పెరుగు మారు వేయించుకున్నవాడితోనే చిక్కు.

మనవడు పెరిగాడు. చావు జరిగిన ఇంటి ఛాయలకి కూడా వెళ్ళనివ్వకుండా మా అల్లుడు వాణ్ణి నిడదవోలులో కొన్నాళ్ళు, హైదరాబాద్ హాస్టల్లో కొన్నాళ్ళు పెంచాడు. వాడు ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి కంప్యూటర్‌లో సంగీతం కట్టడం నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళకి ఒక సినిమా దొరికింది. పిల్లల సినిమా, ఇంటిల్లిపాదీ చూసేది. మాట్లాడే మేక, ఎగిరే నులకమంచం, ఆ మంచం మీద ఒక బామ్మా మనవరాలూ, ఇదీ కథ. మైకు, చెవులకి పెట్టుకునే డిప్పలు పట్టుకుని పేటకి వచ్చాడు. గట్టు మీద ఆటోల రొద ఎక్కువని మా మరిది వాణ్ణి నావలో ఏటి మధ్యకి తీసుకెళ్ళాడు. అన్నం కేరేజీ పట్టుకుని నేనూ ఎక్కాను.

"చిన్నతాతా, మంచం మొదటిసారి గాల్లోకి లేచే సీను ఇది. సినిమా మొత్తానికి అదే గుండెకాయ. మన నేల సౌండు కావాలి. వినగానే జనం ఒళ్ళు పులకరించాలి. నీకు తెలిసినవాటిలో బాగా సంతోషంగా ఉండే శంఖం ఊదు" అన్నాడు మనవడు.

"సంతోషమైనదా?" అన్నాడు మా మరిది. చుట్ట నీళ్ళలోకి విసిరేసి నోరు పుక్కిలించాడు. "ఉంది బాబూ. బ్రహ్మాండమైనది ఉంది. ఇది వింటే కూర్చున్నవాడు కూర్చోడు."

జేగంట కొట్టి, శంఖం ఎత్తి, విరిచాడు. సొంత పెళ్ళాం పోయినప్పుడు కూడా అంత ప్రాణం పెట్టి ఊదలేదు. మనవడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మళ్ళీ, మళ్ళీ ఊదించుకున్నాడు. నేను మా మరిది వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. నువ్వెందుకు చెప్పలేదని మా అమ్మాయి తరవాత నా మీద ఎగిరింది. నన్నెవరు అడిగారు? మైకు నా వైపు ఎవరైనా తిప్పారా?

సినిమా విడుదలైన ఆదివారం మా అల్లుడు రాజమండ్రిలో మార్నింగ్ షోకి రెండు వరసలు బుక్ చేసి, పేటనంతా వ్యాన్లలో ఎక్కించాడు. అంతకుముందే ఫోన్‌లో ఒక గడ్డం కుర్రాడు నేపథ్య సంగీతం ఈ సినిమాకి ప్రాణం అని చెప్పిన వీడియోని అందరికీ చూపించాడు. నేను మా మరిది పక్కన కూర్చున్నాను. కొత్త పంచె కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు కూర్చున్నాడు. ఇక సంగీతం సంగతి చెబుతాను. మేక నడిస్తే పిల్లనగ్రోవి. మేక తుమ్మితే వీణ. బామ్మ కంట్లో నలుసు పడితే ఇరవై ఫిడేళ్ళు ఒక్కసారిగా ఏడ్చాయి. పిల్ల నవ్వితే వెనకాల ఇంకో పదిమంది పిల్లలు నవ్వారు, మనం నవ్వడం మర్చిపోతామేమోనని కాబోలు. చీకట్లో నిశ్శబ్దంగా ఉన్నది టార్చిలైటు పట్టుకున్న మనిషి ఒక్కడే. నాకు సంగీతం రాదు కానీ చేపల కూరలో పులుపు ఎక్కడ ఆపాలో తెలుసు. మా మనవడికి అది తెలీదు.

అప్పుడు మంచం లేచింది. బామ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మంచపు నాలుగు కోళ్ళనీ నాలుగు తెల్లమబ్బులు భుజాన వేసుకున్నాయి. జేగంట మోగింది. శంఖం పైకి లేచి, విరిగింది. హాలు హాలంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు పిల్లల మొహాలు కొంగుల్లో కప్పేశారు. నా వెనక వరసలో ఒకావిడ, "అయ్యబాబోయ్, బామ్మ చచ్చిపోయిందేంటండీ! పిల్లల సినిమా అన్నారు కదండీ!" అని గట్టిగా అంది. కొందరు పిల్లల్ని చంకన వేసుకుని తలుపు వైపు నడిచారు. తెర మీద బామ్మ లేచి కూర్చుని చప్పట్లు కొట్టింది. దాంతో ఇంకో నలుగురు జడుసుకుని బయటికి పోయారు. ముందు వరసలో మా అల్లుడు వెనక్కి తిరిగి, "చూశారా, స్టాండింగ్ ఒవేషన్!" అన్నాడు. అదేంటో నాకు తెలీదు. మా మరిది ఒళ్ళో చేతులు పెట్టుకుని, పళ్ళు లేని నోటితో, చప్పుడు కాకుండా నవ్వుతున్నాడు.

ఆఖర్న పేర్లు వచ్చాయి. తెర మీద పైకి పాకిపోతున్నాయి. నేను అక్షరాలు కూడబలుక్కునేలోపే సగం పోయాయి. "నా పేరు వచ్చిందా ఒదినా?" అని అడిగాడు మా మరిది. ఆ ఒక్కసారే అతని గొంతులో చిన్నపిల్లాడు వినిపించాడు. "రాలేదు" అన్నాను. "నువ్వు సరిగ్గా చదవలేకపోయావేమో?" "సంగీతం దగ్గరున్నవన్నీ చదివాను. శంఖం ఊదినవాడి పేరు లేదు." "మీ అల్లుడిది?" "ఉంది. కృతజ్ఞతల్లో మొదటిది." అతని నవ్వు ఆగిపోయింది. అబద్ధం చెప్పి ఉండొచ్చు కదా అంటారు. కష్టపడి చదవడం నేర్చుకున్నది అబద్ధం చెప్పడానికా?

బయట సోడా బండి దగ్గర మా అల్లుడు అభిప్రాయాలు పోగుచేస్తున్నాడు. "ఎలా ఉందండి మావాడి మ్యూజిక్కు?" అంటే, ఇంకా వణుకుతున్న పిల్లని భుజాన తడుతూ మా పక్కింటావిడ, "అదిరిపోయిందండి బాబూ" అంది. ఇంకొకాయన, "మేక బాగా చేసిందండి" అని తప్పించుకున్నాడు. మనవడికి ఏదో తేడా తెలిసినట్టుంది. మొహం పాలిపోయి నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు చెప్పు. నిజం చెప్పు" అన్నాడు.

"మేక మీద నమ్మకం లేకపోతే దాన్ని సినిమాలో ఎందుకు పెట్టుకున్నార్రా? అడుగు తీసి అడుగేస్తే పిల్లనగ్రోవేంటి? శంఖం ఒక్కటే బాగుంది. అది శవం ముందు ఊదేది" అన్నాను.

వాడు చిన్నతాత వైపు తిరిగాడు. మా మరిది సోడా ఆఖరి గుక్క దాకా తాగి, సీసా బండి మీద పెట్టి, అందరికీ వినపడేలా మొదలుపెట్టాడు. "నీ అన్నప్రాసన రోజున ఈ నోటి ఊపిరి నీ మీద పడకూడదన్నారు బాబూ మీ నాన్నగారు. అరుగు మీద కూర్చోబెట్టారు. ఇవాళ ఊరూరా హాళ్ళలో టికెట్టు కొనుక్కుని మరీ అందరి పిల్లల మీదా వేయించుకుంటున్నారు. మీ నాన్నగారైతే ఏకంగా రెండు వరసలు బుక్ చేశారు."

"నేనేం చేశాను తాతా నీకు?"

"నువ్వేం చెయ్యలేదు. నువ్వు దొరికావు."

ఆ మాట ఎవరి ఫోన్‌లో పడిందో, రెండు రోజుల్లో గోదావరికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ తిరిగింది. మా వైపు హాళ్ళలో సినిమా ఎత్తేశారు. మనవడి ఫోటోకి పాడె కట్టినట్టు బొమ్మలు చేసి ఫోన్లలో తిప్పారు. సంగీతమే ప్రాణం అన్న గడ్డం కుర్రాడు మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, శంఖం దగ్గర తనకి అప్పుడే తేడాగా అనిపించిందన్నాడు. చేతికందిన రెండో సినిమా ఇంకొకడికి పోయింది. వాడు గది తలుపు వేసుకుని కూర్చున్నాడని మా అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది. మా మరిది మాత్రం ఆ ఏడాదంతా వెలిగిపోయాడు. శవం లేపేముందు కుర్రాళ్ళు, "మంచం ఎగరేద్దామా బాబాయ్" అంటే పొంగిపోయేవాడు. నేనొకసారి పిల్లాడి గతి చెప్పబోతే, "మంచి వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడులే" అన్నాడు. పిచ్చివాడు. ఆ పిల్లాడిలో సగం తమ రక్తమేనని మర్చిపోయాడు.

ఊపిరితిత్తులు చెడి, పది అడుగులు వేస్తే ఆయాసపడుతూ, మొన్న పున్నమి రోజున పోయాడు. పిల్లల్లేరు. శంఖం ఎవరికీ నేర్పలేదు. ధవళేశ్వరం నుంచి మనిషిని పిలిపిస్తానని మా పెద్దాడు ఫోన్ తీశాడు. అప్పుడే మా అల్లుడి కారు ఆగింది. అందులోంచి మనవడు పెద్ద స్పీకర్ బాక్సు పట్టుకుని దిగాడు. "ఎవరూ వద్దు మావయ్యా. చిన్నతాత ఊపిరే నా దగ్గరుంది. ఆయన శవం ముందు ఆయనే ఊదుకుంటాడు" అన్నాడు. ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. ఎంత మంచి మనసు పిల్లాడిదని పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పెద్దాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. పాడె లేచింది. వాడు ఫోన్ నొక్కాడు. మేక నడిచే పిల్లనగ్రోవి వచ్చింది.

నేను వాడి పక్కకి వెళ్ళి, "వట్టి శంఖం లేదట్రా నీ దగ్గర?" అన్నాను.

"ఉందమ్మమ్మా. ఇదిగో, ఇందులోనే ఉంది."

"మరి అది వెయ్యి."

"సోడా బండి దగ్గర, టికెట్టు కొని మరీ వింటున్నారని చిన్నతాత పాపం దీన్ని చూసుకునే కదా మురిసిపోయాడు" అని సౌండు ఇంకా పెంచాడు. కళ్ళలో తడి లేదు. మా మరిది కళ్ళే అవి.

పాట గెంతులేస్తూ పోతుంటే మోసేవాళ్ళ అడుగులు తప్పాయి. పాడె ఊగింది. చచ్చినవాడి తల అటూ ఇటూ ఆడింది, వద్దు వద్దు అన్నట్టు. జేగంట మోగి శంఖం విరగగానే ముసలాళ్ళం మేం అలవాటుగా పిల్లల కోసం చేతులు చాపాం. పిల్లలు దొరకలేదు. ఫోన్లలో విని విని ఆ ముక్క వాళ్ళకి నోటికి వచ్చేసింది. ఇళ్ళలోంచి పరిగెత్తుకొచ్చి, పాడెకి ముందు, ఏటి దాకా ఎగురుతూ పోయారు. నా అభిప్రాయం అడిగితే చెబుతాను: హాల్లో బాగోలేని ఆ సంగీతం గట్టు మీదా బాగోలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు వీళ్ళు. పాడె మీద మా మరిది. నిప్పుకుండతో మా పెద్దాడు. మోసిన నలుగురూ మా ఆయన తోడబుట్టినవాళ్ళ కొడుకులు. వర్జ్యం గురించి తప్ప ఇంకేం పట్టని పురోహితుడు. కారు దిగని మా అల్లుడు. కొంగు నోట్లో కుక్కుకున్న మా అమ్మాయి, అది ఏడుపో ఇంకోటో నాకు తెలీలేదు. బాక్సు మోసిన మా మనవడు. ఏడవడం మధ్యలో ఆపేసిన పక్కింటావిడ. నేను. ఇంకా, పాడె ముందు ఎగురుతూ వెళ్ళిన పేట పిల్లలు. వాళ్ళు నా అంతవాళ్ళయ్యేసరికి ఆ విరుపుకి ఒకప్పుడు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళని ఎవరైనా చెబితే, ఎందుకని అడగడానికి కూడా ఎవరికీ తోచదు.