కిటికీలున్న ఆల్చిప్ప

మొన్న సోమవారం పొద్దున మామ ఫోన్ చేశాడు. "అత్త పోయింది బిడ్డా. చాయ్ తాగి, జర పండుకుంట అన్నది. మల్ల లేవలే." నేను హైదరాబాద్ నుంచి జహీరాబాద్ చేరేసరికి వాకిలంతా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే.

మా మేనత్త బడిలో సైన్స్ చెప్పేది. మీలో ఎవరైనా ఆమె క్లాసులో కూర్చుని ఉంటే తెలిసే ఉంటుంది, చేతికి ఏది వచ్చినా ముందు వెలుతురుకు పెట్టి చూసేది. అల్లం ముక్క, చెరుకు పొర, ఆఖరికి మా చెవి తమ్మె కూడా. మేం నవ్వితే, "చూస్తె అరుగుతదా ఏంది?" అనేది. ఆ అలవాటు నాకూ అంటింది.

మామ లారీ డ్రైవర్. ఒకసారి ముంబై నుంచి వస్తూ గవ్వల దుకాణంలో గుండె ఆకారంలో ఉన్న తెల్లటి ఆల్చిప్ప కొన్నాడు. "నీకోసమే తెచ్చిన" అంటూ సిగ్గుపడ్డాడు. అత్త దాన్ని తీసుకుని నేరుగా ఎండలోకి నడిచింది. చిప్ప మీది సన్నటి మచ్చల్లోంచి వెలుగు లోపలికి దిగింది.

"తలుపు బిగించుకొని బతికేదానికి గిన్ని కిటికీలెందుకు?"

"నన్నడిగితే? సముద్రాన్నడుగు," అన్నాడు మామ.

ఆమె అందరినీ అడిగింది. చివరికి జవాబు ఒక పుస్తకంలో దొరికింది. ఆ జీవి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుందట. కిటికీల్లోంచి దిగే ఎండతో అది తిండి తయారుచేసి, కొంత ఆ జీవికీ ఇస్తుందట. అత్త చప్పట్లు కొట్టింది. "కిరాయికున్నోళ్లే ఇంటాయనకు బువ్వ పెడ్తున్రు!"

రెండేళ్ల కిందట ఆమె కళ్లకు నీటికాసుల జబ్బని, అదే గ్లకోమా అని తేలింది. అప్పటికే పక్కచూపు పోయింది. "మిగిలింది ఎన్నాళ్లుంటదో డాక్టర్లు గూడ చెప్పలేకపోయిన్రు," అంది నాతో, దవాఖాన మెట్ల మీద నిలబడి. "నన్ను అండమాన్ తోల్కపోతవా? గా కిటికీల చిప్ప ఆడుంటదంట. దాన్ని పానంతోని ఉండంగ చూడాలె."

మామకు ఇష్టం లేదు. "గంత దూరం పోయినంక కనపడకపోతే?"

"ఏడ లేదో తెలుస్తది."

అండమాన్‌లో మొదటి రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చాం. మర్నాడు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పగడపు దిబ్బల పక్కన ఇసుకలో, మోకాలిలోతు నీళ్లలో నడిచాం. మమ్మల్ని అక్కడికి తెచ్చిన పడవతను ఒకచోట ఆగి వేలు చూపించాడు. నాకు కనిపించింది, అత్తకు కనిపించలేదు. మెల్లగా తల అటూ ఇటూ తిప్పుతూ మిగిలిన ఆ కాస్త చూపుతోనే ఇసుకంతా వెతికింది. ఆలస్యం చేశామేమోనని నాకు గుబులు పుట్టింది. ఇంతలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అగో! పచ్చగున్నది పిల్లా. దుకాణంలది తెల్లగ ఉండె!"

పడవతను తీసి ఇవ్వబోతే వద్దంది. ఇంకా బాగా చూద్దామని వంగింది. ఆమె నీడ దాని మీద పడింది. వెంటనే తడిసిన కుచ్చిళ్లు పట్టుకుని పక్కకు జరిగింది, నన్నూ జరిపింది. నీళ్లలోంచి ఎండ మళ్లీ దాని మీదికి దిగింది.