పిక్కల కాలంలో అప్పీలు

జంట హత్యల అప్పీలొకటి వేసవి సెలవులకు ముందే విచారణకు వచ్చేలా ఉందని తెలిశాక, ఆ హత్యలు జరిగిన జీడితోటను కళ్లారా చూడకుండా వాదించకూడదనిపించింది. విజయవాడలో సాటి వకీళ్లు నవ్వారు. "కాగితాల్లో లేనిది కోర్టుకు అక్కర్లేదు. ఈ ఎండల్లో ఉద్దానం ఏమిటి తల్లీ నీకు?" అన్నారు. వద్దంటే చేసే రకాన్ని నేను. ఆ సాయంత్రమే హౌరా వైపు వెళ్లే బండి ఎక్కేశాను. అప్పీలు ఇప్పుడు తేలిపోయింది కాబట్టి పేర్లు మార్చి రాస్తున్నాను.

కేసు ఇదీ. అన్నదమ్ముల రెండు కుటుంబాలు, మధ్యలో ఒక జీడితోట, గట్టు ఎవరిదన్న తగాదా. అన్న ముందే పోయాడు, అతని భార్య నీలమ్మ. ఆమె కొడుకులిద్దరూ కలిసి చిన్నాన్ననూ, ఆయన కొడుకునూ నరికి చంపారని కింది కోర్టు యావజ్జీవం వేసింది. కళ్లతో చూసిన సాక్షి ఒక్కతే. చనిపోయినాయన భార్య, అంటే నీలమ్మ తోటికోడలు. తన పెరట్లోంచి చూశానంది. మధ్యలో మనిషెత్తు తుప్పలున్నాయి, ఆమెకు కనపడే వీల్లేదన్నది కొడుకుల తరఫున మా వాదన. నీలమ్మ అల్లుడు తీయించిన ఫోటోల్లో ఆ తుప్పలు పచ్చటి గోడలా ఉన్నాయి. ఇద్దరు కొడుకుల బతుకూ ఆ గోడ మీదే ఉంది.

పలాసలో దిగేసరికి పొద్దున ఆరున్నర. స్టేషన్ దాటగానే జీడిపిక్కలు కాల్చే వాసన. మొదట కమ్మగా అనిపించి కాసేపటికి గొంతులో గరగరలాడుతుంది. ఆటోలో కాశీబుగ్గ బస్టాండుకు వెళ్లి, ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. అడక్కుండానే పైన బొంబాయి చట్నీ పోశారు. వద్దనబోయి, తిన్నాక రెండోసారి అడిగి పోయించుకున్నాను.

టెక్కలి బస్సులో నీలమ్మ వచ్చింది. గొడవ తర్వాత ఊళ్లో ఉండలేక, తోట కౌలుకిచ్చి, టెక్కలిలో కూతురి దగ్గరుంటోంది. "ఓలమ్మా! లాయరమ్మా, నిజింగా ఒచ్చినావా!" అంటూ నా చేతిసంచీ లాక్కుంది. ఇవ్వనంటే వినదు.

అక్కుపల్లి వైపు బస్సు ఎనిమిది దాటాక కదిలింది. పక్క సీట్లో ఖాళీ చేపలబుట్ట ఒళ్లో పెట్టుకున్నావిడ "ఎవలింటికమ్మా?" అంది. నీలమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. సముద్రం చూడ్డానికన్నాను.

"సంద్రానికేటి, ఎప్పుడూ ఉంటాది. ఇక్కడ బోరు నీళ్లు మాత్తరం తాగకు. మా ఇంట్లో ఇద్దరికి కిడ్నీలు పోనాయి." చెప్పి బుట్ట సర్దుకుంది. నా దగ్గర సీసా ఉందని చూపిస్తేగానీ ఊరుకోలేదు.

ఊరి మలుపులో దిగి కొబ్బరిచెట్ల కింద ఇసుకదారిన నడిచాం. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడమే సుఖం. తోట చేరాం. తుప్ప అన్నదే లేదు. నేల వాకిలిలా శుభ్రంగా ఉంది. ఎర్రటి, పసుప్పచ్చటి పళ్లు రాలి పడి ఉన్నాయి. చెట్ల మొదళ్ల మధ్యనుంచి ఎదురింటి పెరడు, దండెం మీద చీర, ఆ చీర అంచు రంగు కూడా కనిపిస్తున్నాయి. అక్కడొకావిడ గిన్నెలు తోముతోంది.

ఫోన్‌లో ఫోటో తీసి చూపించాను. "ఈ తుప్పలన్నీ ఏవమ్మా?"

నా తెలివికి నీలమ్మ నవ్వింది. "అది వానల్లో తీసింది కదా తల్లీ! పిక్కల ముందు తుప్పలు కొట్టేత్తాం. కొట్టకపోతే రాలిన పిక్క ఎలగ అవుపడతాది?"

"ప్రతి ఏడూనా?"

"పెతీ ఏడూను."

హత్యలు జరిగిందీ పిక్కల కాలంలోనే. అంటే ఆ రోజూ నేల ఇలాగే ఉంది. వరి తప్ప మరో పంట ఎరగని డెల్టాదాన్ని. కేసు కట్టంతా రెండుసార్లు చదివాను, అందులో ఈ సంగతి లేదు. ఊరందరికీ తెలిసిందే కదా, ఎవరడుగుతారు, ఎవరు చెబుతారు?

గిన్నెలు తోముతున్నావిడ లేచి నిలబడి మావైపు చూసింది. సాక్షితో నేను మాట్లాడకూడదు, తల తిప్పుకున్నాను. నీలమ్మ మాత్రం చూస్తూనే ఉంది. "సిక్కిపోనాది," అంది నెమ్మదిగా.

సముద్రమన్నాను కాబట్టి అక్కుపల్లి తీరానికీ వెళ్లాం. సరుగుడు తోపు తప్ప నీడ లేదు, మధ్యాహ్నం వెళ్లకండి. చేపల పులుసుతో భోజనం బాగుంది. నాకే సయించలేదు.

మూడింటికి కాశీబుగ్గలో టెక్కలి మీదుగా శ్రీకాకుళం వెళ్లే బస్సెక్కాం. ముందు రాళ్ల లారీ, దాని వెనక మేము. అప్పుడు చెప్పాను.

"సాక్షికి కనపడలేదని నేనిక అనలేనమ్మా. ఇంత చూశాక ఆ మాట నా నోటికి రాదు. కానీ అంత బాగా కనపడితే, ఆ రోజు పోలీసులకు పెద్దవాడి పేరొక్కటే ఎందుకు చెప్పింది? చిన్నవాడి పేరు తర్వాతెప్పుడో చేరింది. అతనూ అక్కడుంటే మొదటే చెప్పేది. ఈ వాదనతో చిన్నవాడు బయటపడొచ్చు. కానీ ఆమె చూసిందని ఒప్పుకున్నట్టే కాబట్టి అది పెద్దవాడి మెడకు చుట్టుకుంటుంది. ఇద్దరికీ నేనొక్కదాన్నే పనికిరాను, అతనికి వేరే లాయరును పెట్టుకోవాలి."

ఆమె ఒళ్లోని నా సంచీని దగ్గరికి లాక్కుంది. "తుప్పల మాట నాను సెప్పకుండా ఉండాల్సిందా తల్లీ?"

"నా కళ్లకే కనపడిందిగా అమ్మా."

టెక్కలి వచ్చేసింది. నా సంచీ నా ఒళ్లో పెట్టి లేచింది. "పెద్దోడికి నువ్వు సెప్పకు. ములాకత్‌కి ఎల్లి నానే సెప్తాను." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఆ ఏడు తుప్పలు కొట్టింది ఆడే తల్లీ. అద్దంలాగ కొట్టినాడు."

కండక్టరు "బేగి దిగమ్మా" అని కేక వేశాడు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో అందరూ చూస్తున్నా ఆగలేదు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో విజయవాడ బండి దొరికింది. ఉద్దానం అందమైన చోటు, కాదనను. వానల్లో వెళ్తే కళ్లకు చల్లగా ఉంటుందట. నేను చూసింది మాత్రం పిక్కల కాలం. నాకు ఆ నేల ఒక్కటే గుర్తుండిపోయింది.

పెద్దవాడి శిక్ష ఖాయమైంది. చిన్నవాడు ఇంటికొచ్చాడు. మొన్న నీలమ్మ ఫోన్ చేసి, కౌలు మానిపించామని చెప్పింది. తుప్పలు ఎవరు కొట్టారని అడిగాను.

"ఎవులూ కొట్టనేదు తల్లీ," అంది. "సిన్నోడు కత్తి ముట్టనన్నాడు. పిక్కలన్నీ గడ్డిలోనే పోనాయి."