కృత్తివెన్ను గట్టు మీద ఎవరో ఆగమన్నారు

ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. ఒట్టు వెయ్యమంటే వేస్తాను, కానీ ఒట్టు మాటలు ఎవరు నమ్ముతారు? కావాలంటే లీసాకి ఫోన్ కలుపుతాను, మీరే అడగండి. ఇక్కడ తొమ్మిదిన్నర అయిందంటే వాళ్ళకి సాయంత్రం ఆరు. ఎత్తుతుంది. అన్నీ నేను చెప్పినట్టే చెబుతుంది... ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి.

ముందు లీసా ఎవరో చెప్పాలి. తను ఎలాంటి మనిషో తెలియకపోతే ఆ రాత్రి మీకు అర్థం కాదు.

నేను బందరులో ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీకి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా వచ్చింది. ఎస్టోనియా దేశం. అందులోనూ సముద్రం మధ్య ఏదో ద్వీపం. చెరువుల నీళ్ళ మీద ఆరు నెలల ప్రాజెక్టు. ఆ అమ్మాయిని కాస్త కనిపెట్టుకుని ఉండమని మా మేడమ్ నాకు అప్పజెప్పారు. తప్పిపోకుండా, జబ్బు పడకుండా చూసుకుంటే చాలనుకున్నాను. నెల తిరిగేసరికి ఎవరు ఎవర్ని కనిపెట్టుకుని ఉన్నారో తెలియకుండా పోయింది.

నేను పుట్టింది, పెరిగింది బందరే. అయినా ఒక్కదాన్నీ నాగాయలంక బస్సు ఎక్కింది లేదు. తను వచ్చిన రెండో వారమే ఎక్కేసింది. అక్కడ పడవవాళ్ళతో మాట కలిపి, వాళ్ళతోపాటే మడ అడవుల్లోకి వెళ్ళి, వాళ్ళింట్లోనే అన్నం తిని, సాయంత్రానికి సంచీ నిండా ఎండుచేపలతో దిగింది. హాస్టల్ రెండు రోజులు కంపు కొట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. లీసా తెచ్చింది కదా అని వార్డెన్ గారే వేయించుకుని తిన్నారు.

గుడివాడలో మా పిన్ని అత్తగారు ఒకావిడ ఉన్నారు. ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడరు. మా అమ్మతో కలిసి వెళ్తే, ఆవిడ లీసాని ముందు కూర్చోబెట్టుకుని, ఆ గడ్డిరంగు జుట్టుకి కొబ్బరినూనె పెట్టి జడ వేశారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు నవ్వుకుంటూనే ఉన్నారు. నేను ఆ ఇంటికి ఇరవై ఏళ్ళుగా వెళ్తున్నాను. ఆవిడ నవ్వితే ఎలా ఉంటారో నాకు ఆ రోజే తెలిసింది.

తెలుగు కూడా పట్టుబట్టి నేర్చుకుంది. 'అండీ' అంటే మర్యాద అని ఎవరో చెప్పారు. అంతే. ఆటో ఆయనకీ అండీ, హాస్టల్ పిల్లికీ అండీ. మంగినపూడి రోడ్డులో గేదె అడ్డం నిలబడితే "కాస్త పక్కకి జరగండి" అంది. గేదె జరిగింది.

ఇలాంటి పిల్ల. భయపెడదామని చెబుతున్నాను గానీ, నిజానికి నాకు ఆ రాత్రి గురించి తల్చుకుంటే భయం కంటే ముందు లీసాయే గుర్తొస్తుంది.

సరే... ఆ రోజు.

మా క్లాసులో ప్రశాంతి అని ఉండేది. వాళ్ళది కృత్తివెన్ను పక్కన ఊరు. వాళ్ళ చెల్లెలికి ఓణీల ఫంక్షన్. లీసా రాకపోతే ఫంక్షనే లేదన్నట్టు మాట్లాడారు ఫోన్‌లో. నా స్కూటీ మీదే వెళ్ళాం. ప్రశాంతి వాళ్ళమ్మగారు లీసాకి ఆకుపచ్చ పట్టుచీర కట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి ఫోటో దిగారు. తను ఎవరికీ విసుక్కోలేదు. ప్రతి ఒక్కరి పేరూ అడిగింది, ప్రతి పేరూ మళ్ళీ పలికి సరిచూసుకుంది.

ఏడున్నరకి బయల్దేరుతుంటే ప్రశాంతి వాళ్ళ నాన్నగారు ఉండిపొమ్మన్నారు. పొద్దున్నే నాకు సెమినార్ ఉంది. వెళ్ళాల్సిందే అన్నాను. ఆ మాట అన్నది నేను. ఇది గుర్తుపెట్టుకోండి... లీసా ఉందామనే అంది.

మెయిన్ రోడ్డు మీద మూడు కిలోమీటర్లు రాగానే ఆగిపోయాం. వంతెన దగ్గర లారీ అడ్డం తిరిగి ఉంది. రెండు వైపులా బళ్ళు. క్రేన్ రావాలి, గంటో రెండు గంటలో అంటున్నారు. నాకు ఓపిక లేదు. ఎండాకాలంలో ప్రశాంతితో ఒకసారి రొయ్యల చెరువుల గట్ల మీదుగా వచ్చాను. ఆ దారి అవతల మళ్ళీ రోడ్డులోనే కలుస్తుంది. నాకు తెలుసు, పద అన్నాను. లీసా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వెనక ఎక్కింది.

గట్టు మీద వెళ్తున్నాం. రెండు పక్కలా చెరువులు. ఎంత దూరం చూసినా నీళ్ళే. నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతున్నాయి... రొయ్యలకి గాలి అందడానికి నీళ్ళని చిలికే చక్రాలు. వందల చక్రాలు ఒకేసారి తిరుగుతుంటే వాన పడుతున్నట్టే ఉంటుంది. అక్కడక్కడా షెడ్ల దగ్గర బల్బులు. మేత వాసన, బురద వాసన. లీసా నా వెనక ఏదో కూనిరాగం తీస్తోంది. నాకూ హాయిగానే ఉంది.

కరెంటు పోయింది.

నన్ను భయపెట్టింది బల్బులు ఆరడం కాదు... ఆ చప్పుడు ఆగడం. వాన లాంటి ఆ చప్పుడు ఒక్కసారిగా కాదు, దూరం నుంచి మొదలై... ఒక్కో చెరువూ ఒక్కో చెరువూ ఆగుతూ... మా దాకా వచ్చి ఆగింది. ఆ తరవాత ఇంకేమీ లేదు. కప్ప కూడా లేదు. నా స్కూటీ చప్పుడు ఒక్కటే. లీసా కూనిరాగం కూడా ఆగింది.

హెడ్‌లైట్ ఉంది కదా. వెలుతురులో గట్టు ముందుకి కనిపిస్తూనే ఉంది. తిన్నగా. నేను వేగం తగ్గించలేదు. ఆ నిశ్శబ్దంలోంచి బయటపడాలని ఇంకాస్త పెంచాను కూడా.

అప్పుడు...

"ఆగమ్మా."

కేక కాదు. అరుపు కాదు. కుడి చెవి పక్కన. బస్సులో పక్క సీటావిడ మన స్టాపు వచ్చిందని చెబుతుందే... అంత మామూలుగా. ఆడ గొంతు. మా అమ్మ వయసు ఉంటుంది. ఇంజిన్ చప్పుడు మీద కూడా స్పష్టంగా వినిపించింది.

నేను బ్రేకు వేశాను. సరిగ్గా అదే క్షణంలో లీసా వెనకనుంచి రెండు చేతులతో నా భుజాలు పట్టి లాగింది. బండి పక్కకి జారి ఆగింది. కాళ్ళు ఆనించాను.

ఎదురుగా దారి అలాగే ఉంది. ఎందుకు ఆగామో నాకే తెలియలేదు. లీసా దిగింది. ఫోన్ టార్చ్ వేసింది. వద్దన్నాను. చూసొస్తానంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ ముందుకి వెళ్ళింది. మూడు అడుగులు. నాలుగు. నేను బండి పట్టుకుని వెనకే ఉండిపోయాను... సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ ఉండిపోయాను.

"ఆగమ్మా... ఆగు."

మళ్ళీ. అదే గొంతు. నా చెవి పక్కనే. కానీ ఆగింది లీసా. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి పెట్టింది.

వంగి ఒక మట్టిబెడ్డ తీసి ముందుకి విసిరింది. దారి మీదకి. మా కళ్ళకి కనిపిస్తున్న ఆ తిన్నని గట్టు మీదకి.

బుడుంగ్... అంది.

అది గట్టు కాదు. నీళ్ళు. గట్టు తెగి ఉంది. నీళ్ళ మీద నాచు, దుమ్ము, ఊక తేలి, లైటు వెలుగులో మట్టి రంగులో మెరుస్తున్నాయి. లీసా కాలికీ దానికీ మధ్య జానెడు ఉందేమో.

"ఎవరండీ?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. లీసా టార్చ్ నెమ్మదిగా కుడి వైపు తిప్పింది. నీళ్ళు. ఎడమ వైపు తిప్పింది. నీళ్ళు. మనిషి నిలబడడానికి చోటు లేదు. ఇంకా కరెంటు రాలేదు. ఎక్కడా మోటారు చప్పుడు లేదు. అలాంటిది, ఎడమ వైపు చెరువులో ఒకే ఒక్క ఏరేటర్... తిరిగింది. మెల్లగా. టప్... టప్... టప్... మూడుసార్లు. ఆగిపోయింది. గాలి కావచ్చు. గాలి ఉన్నట్టు నాకు గుర్తులేదు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. నిజం. లీసా ఏం చేసిందో తెలుసా... చెప్పులు కింద పెట్టింది. రెండు చేతులూ జోడించింది. ఆ చీకటి వైపు తిరిగి, ఫంక్షన్లో పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడిందో అలాగే అంది:

"చాలా థాంక్సండీ. మేం వెనక్కి వెళ్తున్నామండీ."

దేశం కాని దేశం. భాష కాని భాష. ఎదురుగా ఏముందో తెలియదు. అయినా ఆ గొంతులో వణుకు లేదు. నేను అప్పటిదాకా తనంటే ఇష్టం అనుకునేదాన్ని. ఆ క్షణం నుంచి అది గౌరవం అయింది.

గట్టు మీద బండి తిరగదు. లీసా వెనకనుంచి లాగుతుంటే, నేను హ్యాండిల్ పట్టుకుని నెడుతూ, ఇద్దరం వెనక్కి నడిచాం. ఆకుపచ్చ పట్టుచీర అంతా బురద. నాతో ఫంక్షన్లో కలిసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పించింది. సీతామహాలక్ష్మి గారు... ఆవిడ కోడలు గారు ఎవరు?... ఇలా. నా మనసు మళ్ళించడానికే అని తరవాత అర్థమైంది.

కాస్త దూరం నడిచాక జనరేటర్లు అందుకున్నాయి. ఒక షెడ్డు దగ్గర లైటు వెలిగింది. కాపలా ఉండే పెద్దాయన మమ్మల్ని చూసి హడలిపోయారు. తూము గొట్టం మార్చాలని మధ్యాహ్నమే మిషన్ పెట్టి గట్టు తవ్వించారట. అడ్డంగా కర్రలు పెట్టాల్సింది, రేపు చూద్దామనుకున్నారట. నీళ్ళలో పాత సిమెంటు గొట్టం ముక్కలు, ఊచలు పైకి లేచి ఉన్నాయని చెప్పి తల పట్టుకున్నారు. మీ వాళ్ళెవరైనా ఆడవాళ్ళు గట్టు మీద ఉన్నారా అని అడిగాను. ఆ పక్కంతా తనొక్కడినే అన్నారు, కరెంటు పోయిన దగ్గర్నుంచీ జనరేటర్‌తోనే కుస్తీ పడుతున్నారట. ఇంకో మాట అడగాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆయనే అందుకున్నారు.

"అలాంటిదేం లేదమ్మా. ఈ చెరువులు తవ్విన కాడ్నించీ నేనే ఉన్నాను. ఇక్కడ ఎవరూ పోలేదు."

ఆ మాటతో ధైర్యం రావాలి. నాకు ఉన్నది కూడా పోయింది.

ప్రశాంతి వాళ్ళింటికే తిరిగి వెళ్ళాం. వాళ్ళమ్మగారు పాడైపోయిన చీర వైపు కూడా చూడలేదు, మమ్మల్నిద్దర్నీ కావలించుకున్నారు. వేడినీళ్ళు పెట్టారు. పడుకోబోయే ముందు లీసా మెల్లగా అడిగింది, బ్రేకు ఎందుకు వేశావని.

"ఆగమ్మా అన్నారుగా. నువ్వూ విన్నావు కదా," అన్నాను.

"విన్నాను. కానీ అది కాదు," అంది.

ఇంకేమీ చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. రెండు కాగితాలు తెచ్చింది. విన్నది విన్నట్టు రాద్దాం, ఒకరిది ఒకరు చూడకుండా అంది. రాశాం. మార్చుకున్నాం.

నా కాగితం మీద: ఆడ గొంతు. కుడి వైపు. 'ఆగమ్మా'. రెండుసార్లు.

తన కాగితం మీద: మగ గొంతు, ముసలాయన. ఎడమ వైపు. 'సైసా'. రెండుసార్లు.

'సైసా' అంటే వాళ్ళ భాషలో ఆగు అని. అది కూడా మామూలుగా కాదట. వాళ్ళ ద్వీపంలో ముసలివాళ్ళు మాట్లాడే యాసలో అట. ఇండియా వచ్చాక ఆ యాస చెవిన పడడం అదే మొదటిసారి అంది. ఎవరి గొంతో తెలుసా అని అడిగాను. తెలియదంది. తెలిసిన గొంతు కాదంది. నాకూ అంతే... ఆ ఆడ గొంతు మా వాళ్ళెవరిదీ కాదు.

సెమినార్ సంగతి వదిలేశాను. మర్నాడు పగటి వెలుగులో మళ్ళీ వెళ్దామంది లీసా. నేను ఊచలు చూసి బండి దిగలేకపోయాను. తను దిగి, గండి అంచు దాకా అడుగులు లెక్కపెట్టి వచ్చింది. మా చక్రం ఆగిన గుర్తుకీ నీళ్ళకీ మధ్య నాలుగు అడుగులు, ఆ పైన జానెడు. అందరూ తలో మాటా అన్నారు. దేవుడన్నారు. మీ భయమే అలా పలికిందన్నారు. లీసా అందరి మాటా శ్రద్ధగా విని, చివర్లో "నాకు తెలియదండీ" అనేది. ఆ తరవాతి వారమే మళ్ళీ నాగాయలంక బస్సు ఎక్కింది. ఈసారి నేనూ ఎక్కాను. తను ఎక్కుతుంటే నేను కింద నిలబడి ఉండలేకపోయాను.

చదువులు అయిపోయాయి, తను వెళ్ళిపోయింది. ఆ రెండు కాగితాలూ తనే తీసుకెళ్ళింది. మాట్లాడుకున్నప్పుడల్లా ఎప్పుడో ఒకప్పుడు ఆ గట్టు దగ్గరికి వస్తాం. భయం అని చెప్పుకుంటే సరిపోతుంది, మొదటిసారికి. చెవి ఏదో విని, ఎవరి భాషలో వాళ్ళకి అర్థం చేసుకుంది అనుకోవచ్చు. కానీ రెండోసారి... తను నాలుగడుగులు ముందు ఉంది. నేను వెనక బండి దగ్గర ఉన్నాను. నాకు నా కుడి చెవి పక్కన వినిపించింది. తనకి తన ఎడమ చెవి పక్కన వినిపించింది.

ఒక్కరే ఇద్దరితో మాట్లాడారా... ఇద్దరు వచ్చి, ఎవరి పిల్లని వాళ్ళు ఆపుకున్నారా... ఆ రాత్రి ఆ గట్టు మీద మేం మొత్తం ఎంతమందిమి ఉన్నామో, నాకు ఇప్పటికీ తెలియదు.