తాత పాస్ చేయని నత్తగుల్ల

పటాన్‌చెరులో ఒక బేరింగుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ చేశాను. సరుకును వెలుతురుకి పట్టి చూడటం, గీత కనిపిస్తే ఎర్ర చుక్క పెట్టి రిజెక్ట్ డబ్బాలో పడేయటం, ఇదే పని. రిటైరయ్యాక చూడటానికి బేరింగులు లేక వంకాయల మీద పడ్డాను. "దోసెలకి కూడా చుక్కలు పెట్టండి, ఓ పనైపోతుంది," అంటుంది మా ఆవిడ.

షుగరు పుణ్యమా అని రోజూ పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు గట్టు మీద నడక. నాలుగేళ్ల మనవరాలు వెంట తయారయ్యేది. నేను నడిచేవాణ్ణి, అది ఆగేది. మేం గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం. దాని మాట మాత్రం పక్కా ఇక్కడిదే.

"తాతా, జెర ఆగు! గిదేందో సూడు!"

ఒకరోజు కొంగ ఈక, ఒకరోజు సీసా మూత, ఒకరోజు ఉత్త రాయి. వెలుతురుకి పట్టి చూసేవాణ్ణి. అలవాటు ఎక్కడికి పోతుంది? "అంచు విరిగింది, రిజెక్ట్." "మచ్చ ఉంది, రిజెక్ట్." మొదట్లో అది పడీపడీ నవ్వేది. అది నవ్వుతోంది కదా అని నేనూ రెచ్చిపోయాను.

కొన్నాళ్లకు నడక సాఫీగా సాగటం మొదలైంది. పిలుపుల్లేవు, ఆగటాల్లేవు. పిల్లకి బుద్ధి వచ్చిందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. మా ఆవిడ దాని గౌను తెచ్చి నా ముందు దులిపింది. జేబుల్లోంచి ఈకలు, గింజలు, రాళ్లు జలజలా రాలాయి.

"ఉతికేటప్పుడు రోజూ ఇదే బాగోతం. మీకు చూపించటం లేదా?"

లేదు. నా వెనక బుద్ధిగా నడుస్తోందనుకున్నాను, ఏరుకుంటూ వస్తోందన్నమాట. మనసు చివుక్కుమంది.

మర్నాడు గట్టు మీద అడిగాను. "నాకెందుకు చూపించట్లేదే?"

"నువ్వు అన్నీ రిజెక్ట్ అంటవ్ గద. పాపం, వాటికి ఏడుపొస్తది."

నిజంగా సిగ్గేసింది. ముప్పై ఏళ్లలో ఏ సూపర్‌వైజరూ నన్ను ఇంత సూటిగా అనలేదు. ఒక్కటి చూపించమని బతిమాలాను. నన్ను ఎగాదిగా చూసి, చివరికి గుప్పిట తెరిచింది. నత్తగుల్ల. ఒక పక్క పెచ్చు ఊడిపోయింది. నా నోరు ఊరుకుంటేగా.

"పగిలిందిగా తల్లీ!" అనేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆ గుప్పిట మళ్లీ మూసుకుంటే ఇక నాకు ఎప్పటికీ తెరుచుకోదని భయమేసింది.

అది మూయలేదు. నా తెలివికి జాలిపడ్డట్టు చూసింది. "పగిలితేనే గద తాతా, లోపల కనిపిస్తది. మంచిగున్నదాంట్ల ఏం కనిపియ్యదు."

గట్టు మీదే చతికిలపడి, గుల్లను ఎండకి పట్టి, ఆ పగులుకి కన్ను ఆనించాను. లోపల తెల్లటి సన్నని దారి మెరుస్తూ, మెలికలు తిరిగి ఎక్కడికో పోతోంది. ఎన్ని పగుళ్లు చూశానో లెక్కలేదు. ఒక్కదాని లోపలికీ చూడలేదు.

"సూసినవా? ఇగ పోదాం పా, తాతా."

"జెర ఆగవే," అన్నాను.