బస్సులో వచ్చిన పిల్లలు

అరవైల చివర్లో డాక్టరుగా నా మొదటి ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో. పిల్లల వార్డు నాకప్పగించారు. ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ వేసవిలో అది మరీ ముదిరింది.

విరేచనాలతో పిల్లలు వరసగా చేరేవారు. మా పట్నం పిల్లలు సెలైన్ ఎక్కించిన మర్నాటికి లేచి కూర్చుని గంజి తాగేవారు. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం కళ్ళు గుంటలు పడేవి, నాలుక పిడచకట్టేది, సూది గుచ్చడానికి నరం దొరికేది కాదు. వాళ్ళలో కొందరిని నిలబెట్టలేకపోయేదాన్ని. ఎందుకిలా అని ఎవరినడిగినా ఒకటే జవాబు. నాటుమందులన్నీ అయ్యాక గాని వాళ్ళు మన దగ్గరికి రారు అనేవారు.

ఒకరోజు ఒకామె చంటి కూతుర్ని తెచ్చింది. సాయంత్రానికల్లా ఆ పిల్ల పోయింది. పిల్లని చుట్టి తెచ్చిన పాతచీర ముక్కని తల్లి వరండాలో కూర్చుని మడతపెడుతూ, మళ్ళీ విప్పుతూ ఉంది. నేను పక్కన కూర్చుని, ఒక్కరోజు ముందు తెస్తే బాగుండేది కదమ్మా అన్నాను. ఆమె కోప్పడలేదు.

“నిన్నా వొచ్చినామమ్మా. బస్సు దిగొచ్చీసరికి కిటికీ మూసీసినారు. సీటీలు అయిపోనాయి, రేపు రండన్నారు. బయటే తొంగున్నాం.”

నేను లేచి చీటీల కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు. మందుల గది మూసేశాక చీటీ రాసి ఏం లాభమండీ అన్నాడు. కాంపౌండరునడిగితే, చీటీలే రానప్పుడు ఎవరి కోసం కూర్చోమంటారు అన్నాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. పాతపట్నం బస్సు మాత్రం రోజూ ఆ రెండూ మూసేశాకే వచ్చేది. ఆసుపత్రి పుస్తకాల్లో ఉన్నది లోపలికొచ్చినవాళ్ళ లెక్క. గేటు దగ్గర వెనుదిరిగినవాళ్ళ సంగతి ఎక్కడా లేదు.

మా వార్డు నర్సుది కోటబొమ్మాళి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ప్రతి తల్లినీ ఒక్క ప్రశ్న అడుగుదామని ఇద్దరం అనుకున్నాం: మొదటిసారి గేటు దాకా ఎప్పుడొచ్చారు? పథ్యాలు రాసే నల్లబోర్డు మీద సుద్దముక్కతో నిలువుగా గీత గీశాం. వచ్చిన రోజే చేరినవాళ్ళ ఊర్లు ఎడమవైపు, వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళవి కుడివైపు. పోయిన పిల్లలకి వేరే గుర్తు పెడదామని నేనంటే ఆమె ఒప్పుకోలేదు.

“వొద్దమ్మా. తల్లులు సూస్తారు,” అంది.

ఆ గుర్తు పెట్టలేదు. ఆ లెక్క కేసు షీట్లలో ఎలాగూ ఉంది. రోజులు గడిచేకొద్దీ ఎడమవైపు మా పట్నం వీధులతో, కుడివైపు బస్సు దారిలోని పల్లెలతో నిండిపోయాయి. నేను వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉండేదాన్ని.

పెద్ద డాక్టరు ఒక ఉదయం రౌండ్లకొచ్చి బోర్డు ముందు ఆగారు. ఇదేమిటని అడిగారు, చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“మనమే తరిమేశామని గోడమీద రాసిపెడతావా?”

నేను కేసు షీట్లు చేతికిచ్చాను. పోయిన పిల్లల ఊర్లని కుడివైపున్న ఊర్లతో ఒక్కొక్కటే పోల్చి చూసుకున్నారు. చాలాసేపు పట్టింది. తరువాత గొంతు తగ్గించి, బస్సొచ్చాక మళ్ళీ కిటికీ తెరిపిస్తానని, కాంపౌండరుతో తానే మాట్లాడతానని, కాకపోతే ఆ వేళకి వచ్చినవాళ్ళందరినీ నేనే చూసుకోవాలని అన్నారు. నాకు కావలసిందీ అదే.

తెరిచిన మొదటి రోజుల్లో ఆ వేళకి ఒకరిద్దరికి మించి రాలేదు. రేపు రమ్మంటారని తెలిసి చాలామంది జబ్బు ముదిరేదాకా బయల్దేరడమే మానుకున్నారట. నేనే బస్టాండుకెళ్ళి కండక్టరుని బతిమాలాను. టిక్కెట్లు కొట్టేటప్పుడు అతను అందరికీ చెప్పసాగాడు. వానలు మొదలయ్యేసరికి మధ్యాహ్నం వరండా నిండిపోయేది. కాంపౌండరు సణుగుతూనే మందులు కలిపేవాడు. పిల్లలు నాలుక ఇంకా తడిగా ఉండగానే వస్తున్నారు, నరం సులువుగా దొరుకుతోంది. ఆ దారిన వచ్చిన పిల్లల్లో పోయేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

ఆ సంతోషం నాకెక్కువ రోజులు నిలవలేదు. పాతపట్నం అవతలి కొండ పల్లెల పిల్లలు మునుపటిలాగే చివరి ఘడియలో వస్తున్నారు. అడిగితే తల్లులు ఇదే మొదటిసారి రావడం అనేవారు. మా ప్రశ్నకి వాళ్ళ కష్టం అందలేదు. ఆ ఆదివారం బస్సెక్కి పాతపట్నం వెళ్ళాను. సంతలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముకోడానికి కొండ దిగొచ్చిన ఒకామెని, పిల్లలకి బాగోకపోతే వెంటనే ఎందుకు తీసుకురారని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“బస్సు కాడికే మాకు పూట నడక. బాగున్న పిల్లడైతే నడిసొస్తాడు. బాగోలేనోడిని ఈ ఎండలో ఎలాగ మోస్తాం సెప్పు?”

మర్నాడు పెద్ద డాక్టరునడిగి సంతరోజున పాతపట్నం వెళ్ళడానికి అనుమతి తీసుకున్నాను. బదిలీ అయ్యేదాకా ప్రతి సంతకీ మందుల పెట్టె పట్టుకుని వెళ్ళి, ఇంటి దగ్గర పిల్లలకి వాడమని తల్లులకి మందులిచ్చేదాన్ని. కొండ దిగొచ్చే తల్లులు కొందరే ఉండేవారు. కొండ మీదే ఉండిపోయినవాళ్ళు ఎంతమందో నాకెప్పటికీ తెలియలేదు.