పెద్దమ్మ చెప్పని ఆకు పేరు

మొన్న చోడవరంలో మందుల షాపు ముందు నిలబడి, మానని మడమ పుండుకు మూడో రకం యాంటీబయాటిక్ కొనుక్కుంటూ, మొదటి రెండూ ఎందుకు పనిచేయలేదని షాపతన్ని అడగబోయి ఊరుకున్నాను. బాక్టీరియా మందులకు లొంగడం మానేస్తోందని, కొత్త మందును మొక్కల్లో వెతకాలని మా చెల్లెలి కూతురు పన్నెండేళ్ల కిందటే చెప్పింది. ఆమె వెతుకులాటను చెడగొట్టినవాణ్ణి నేనే కనుక ఆ సంగతి మరిచిపోలేను.

రావికమతం వైపు పల్లెలో మా పెద్దమ్మ ఉండేది. చెరకు కొడుతుంటే కత్తి తగిలినా, మోడు అరికాల్లో దిగినా జనం ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారు. పొద్దున్నే ఎవరితోనూ పలకకుండా వెనక దిబ్బ ఎక్కి ఆకు కోసుకొచ్చి, వేపాకూ పసుపూ కలిపి నూరి, ముద్దగా మాత్రమే బయటికి తెచ్చేది. పేరు చెబితే ఆకు గుణం పోతుందని ఆవిడ అత్తగారు నేర్పిన కట్టుబాటు.

విశాఖలో పరిశోధన చేస్తున్న మేనకోడలు ఆ ముద్దను సీసాలో పట్టుకెళ్లింది. గాజు పళ్లెంలో పెంచిన బాక్టీరియా, ముద్ద పెట్టినచోటల్లా చచ్చింది. వేపాకూ పసుపూ మాత్రమే పెడితే అంత పని జరగలేదు. తరువాత మందు తగిలిన బాక్టీరియాలోని ప్రోటీన్లను, తగలనివాటి ప్రోటీన్లతో పోల్చింది. "హాజరు పట్టీలాంటిదే మావయ్యా, మందు తగిలేక ఎవరు రాలేదో చూస్తాం" అంది. రానివి, బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడుకునేవట. ఆమె మొహంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. ఇక కావలసింది మొక్క. పువ్వుతో సహా తెచ్చి పేరు తేలిస్తే తప్ప పరిశోధన నిలబడదని ఆమెకు పాఠం చెప్పే మేడమ్ అన్నారు.

ఇద్దరం బండి మీద వెళ్లి అడిగాం. "ఏటే గుంటా, నా నోటితోనే సెప్పించాలనా? ముద్ద ఎన్ని మాట్లయినా ఇస్తాను, పేరు మాత్రం అడక్కు" అని పెద్దమ్మ నవ్వింది. నవ్వింది కనుక ఇంకో నాలుగుసార్లు వెళితే మెత్తబడేదేమో. కానీ నేను విలేఖరిని. పక్కింటివాళ్లు గాయపాకే అయ్యుంటుందంటే, ఆవిడ ఫొటోతో, ఆ పేరుతో జిల్లా పేజీలో రాసేశాను. నాలుగు రోజులకు జనం సంచులతో దిబ్బ మీదికెక్కారు. పెద్దమ్మ నూరడం మానేసింది.

మేనకోడలు గాయపాకును పరీక్షించింది. ముద్ద చేసిన పని అది చేయలేదు. నేను ఊరట పడి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తి, అచ్చయింది తప్పుడు పేరే కనుక నీ ఆకు గుణం ఎక్కడికీ పోలేదని చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం మీంచి తల ఎత్తలేదు.

"అయితే ఏది కాదో తేల్సేసినావన్నమాట. ఒక్కో పేరూ పేపర్లో ఏసుకుంటూ నాది పట్టుకుంటావేటి బాబూ?"

ఆ వానాకాలంలోనే ఆవిడ పోయింది.

మేనకోడలు ఏడాదిపాటు సెలవు దొరికినప్పుడల్లా ఆ దిబ్బ మీద మొక్కలు ఒక్కొక్కటీ పీక్కెళ్లింది. సీసాలో ముద్ద అయిపోయింది, పరిశోధనకిచ్చిన గడువూ అయిపోయింది. చివరికి అందరూ ముందే చదివేసిన మరో మొక్క మీద థీసిస్ రాసి పట్టా తెచ్చుకుని, ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

దిబ్బను ఇప్పుడు చదును చేసి జీడిమొక్కలు వేశారు. అప్పట్లో ఆకు ఎదురుగా ఉండేది, పేరే దొరికేది కాదు. ఇప్పుడు ఫోనుతో ఫొటో తీస్తే ఏ మొక్క పేరైనా క్షణంలో చెప్పేస్తుందట. దేన్ని ఫొటో తీయాలో చూపించే మనిషి లేదు.